రెండు వైపులా కుడి మరే

పెదజాలరిపేటలో వలలు ఆరేసే గుంజకి
ఆనించి ఉండేది, గొలుసు లేకుండా.
మూడు వానాకాలాలు దాన్ని దాటుకుని వెళ్ళాను.
నాలుగోసారి ఆగాను.
గొట్టాలు కలిసేచోట అతుకులు
ఆకు కొనల్లా సన్నగా సాగి ఉన్నాయి,
ఎవరో పొద్దంతా కూర్చుని ఆకురాయి పట్టినట్టు.
మీటితే
పలచటి ఇత్తడి చెంబులా పలికింది.

పోలమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.
"మా మావ తెచ్చినాడమ్మా,
పోర్టుకాడ ఓడ దిగినోడికి రెండు కోనాలిచ్చి.
ఏ దేశపోడో తెల్దు.
చేతుల్తోనే మాటాడుకున్నారంట."
పన్నెండొందలకి ఇచ్చేసింది.
"టైర్లు నేవు మరి, తరవాత నన్నడగొద్దు."

స్టీల్ ప్లాంటు ల్యాబులో
ఇరవై ఏళ్ళుగా కొలతలు తీసే మనిషిని.
ఇంటికి రాగానే వెర్నియర్ బయటికొచ్చింది.
పెడల్ ఇరుసు ఉండే గొట్టం: డెబ్బై మిల్లీమీటర్లు.
మళ్ళీ తీశాను. డెబ్బయ్యే.
మన సైకిళ్ళకి అరవై ఎనిమిది.
ఆ రెండు మిల్లీమీటర్లూ
రాత్రంతా కంటిమీద కునుకు పడనివ్వలేదు.

అల్లిపురం అప్పలకొండ మేస్త్రి
పానా వేసి, దానికి పైపు తొడిగి,
పైకెక్కి నిలబడ్డాడు.
కుడి కప్పుకి ఎడమ మర ఉంటుంది,
గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది.
తండ్రి ఆయనకి నేర్పిన మొదటి పాఠం అది.
కప్పు కదల్లేదు.
కిరసనాయిలు పోశాం. మూడ్రోజులు ఆగాం.
మళ్ళీ ఎక్కాడు. పైపు వంగింది.
"ఒకసారి అటు తిప్పి చూడండి" అన్నాను.
నోట్లో బీడీ తీసి నావైపు చూసిన చూపు
ఇప్పటికీ గుర్తే.
తిప్పాడు.
కర్రుమంది, తుప్పు పొడి
ఆయన పాదాల మీద రాలింది.
"ఓరి నీ... రెండేపులా కుడి మరే!"
యాభై రెండేళ్ళు పనిచేసిన చేతుల్ని
ఒకసారి తిరగేసి చూసుకున్నాడు.
డెబ్బై, రెండు కుడి మరలు.
ఇటలీది.

పేరు మాత్రం దొరకలేదు.
ముందు బిళ్ళ ఊడిపోయిన చోట రెండు చిల్లులు.
అడ్డగొట్టం మీద చెరిగిన రాతలో
చివర "ని" ఒక్కటే మిగిలింది.
అక్కడ సగం ఇంటిపేర్లు అలాగే ముగుస్తాయట.
మనకి పల్లి, శెట్టి లాగన్నమాట.

రంగు సంగతీ అంతే.
పడవకి వేయగా మిగిలిన నీలం
పోలమ్మ మావ దీనికీ పూశాడు.
ఉప్పుగాలి ఆ నీలాన్నీ తిని, దానికిందదీ తింది.

క్యారియర్ విప్పినప్పుడు చూశాను.
చేపల బుట్ట కోసం ఇనప పట్టీ బిగిస్తూ
గొట్టం నొక్కుకుపోకుండా
పాత ట్యూబు ముక్క కోసి, ముందు అది చుట్టాడాయన.
ఏ కంపెనీదో తెలీదు గానీ
పలచనిదని చేతికి తెలిసుంటుంది.
ఆ రబ్బరు ఒలిస్తే
బొటనవేలంత మేర
నిగనిగలాడుతూ వంకాయ రంగు.

గాజువాకలో రంగులు కలిపే కుర్రాడు
దాన్ని చూస్తూ అయిదుసార్లు కలిపాడు.
ఆ బొటనవేలంత చోటు మీద మాత్రం
పిచికారీ కొట్టనివ్వలేదు నేను.
దగ్గరగా చూస్తే
రెండు వంకాయ రంగులు కనిపిస్తాయి.

ఆదివారం తెల్లారకముందే
బీచ్ రోడ్డు మీద తొక్కుకుంటూ పేటకి వెళ్ళాను.
పోలమ్మ చుట్టూ తిరిగి చూసింది.
క్యారియర్ ఉండాల్సిన చోట చెయ్యి పెట్టింది.
"బాగుందమ్మా.
మరి బుట్టెక్కడెడతావు?"
నాకు జవాబు తోచలేదు.
ఆ క్యారియర్ మా అటక మీద ఉంది.

తొక్కేకొద్దీ కుడి కప్పు వదులవుతుంది.
ఆ మరతో వచ్చే ఇబ్బందే అది.
నెలకోసారి అల్లిపురం వెళ్తాను.
అప్పలకొండ మేస్త్రి డబ్బులు తీసుకోడు.
పానా అందుకుని
ముందు తన అలవాటు వైపే పెడతాడు,
ఆగుతాడు,
మెల్లిగా రెండో వైపుకి మారుస్తాడు.